అమ్మ నోట పలకని పేరు

పుట్టిన బిడ్డకు మంచి పేరు పెట్టడం తల్లిదండ్రులపై ఉన్న బాధ్యతల్లో ఒకటి. ఈ విషయంలో ధర్మపండితుల మధ్య భేదాభిప్రాయం లేదు. అయితే మంచి పేరు అంటే ఏమిటి? అరబీలో ఉంటే చాలా? అర్థం బాగుంటే చాలా? ఒక భాషలో మంచి అర్థం, మరో భాషలో చెడ్డ అర్థం ఇచ్చే పేరు సంగతేమిటి? ఇస్లాం స్వీకరించిన మనిషి తన పాత పేరుతో పాటు ఆ పేరు పెట్టిన వారిని కూడా వదులుకోవాలా? ఈ చివరి ప్రశ్న మాకు గ్రంథాల్లో ఎదురుకాలేదు. తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్ ముందు, అసర్ నమాజు తర్వాత ఎదురైంది.

అక్కడ పనిచేసే ఒక సోదరుడు కొన్నేళ్ళ క్రితం ఇస్లాం స్వీకరించాడు. తల్లి పెట్టిన పేరు ఒక గ్రామదేవత పేరు మీద వచ్చింది. కనుక మార్చుకోవాలని ఆయనే కోరాడు. పేరు సూచించింది మేమే. అప్పట్లో మాకు అల్లాహ్ శుభనామాల మీద ఒక పాఠం నడుస్తున్నది. ఆ ఉత్సాహంలో 'అబ్దుల్ ముక్తదిర్' అని పెట్టాము. ముక్తదిర్ అంటే సర్వశక్తిమంతుడు. దివ్య ఖుర్ఆన్‌లో వచ్చిన నామం. అర్థం చెప్పగానే ఆయన కళ్ళు చెమర్చాయి. మాకు కూడా చాలా సంతోషం కలిగింది.

ఆ పేరు ఆయన పల్లెకు చేరేసరికి 'ముక్కుతాడు' అయింది! ముక్తదిర్ అనలేని నోళ్ళకు ఎద్దు ముక్కుకు కట్టే తాడు గుర్తొచ్చింది. పిల్లలు వెంటబడి నవ్వారు. తల్లి రెండు మూడు సార్లు ప్రయత్నించి, చేతగాక పాత పేరుతోనే పిలవసాగింది. ఇంతలో పట్నంలో ఎవరో మిత్రుడు ఆయనకు ఒక సలహా ఇచ్చాడు. పాత పేరుతో ఎవరు పిలిచినా పలకవద్దు, పలికితే విశ్వాసం బలహీనమైనట్టే అని. ఆయన నిజాయితీపరుడు. తల్లి పిలుపుకు పలకడం మానేశాడు. కొన్ని నెలలకు తల్లి పిలవడమే మానేసింది. ఇప్పుడు ఆయనకు కొడుకు పుట్టాడు, ఏడవ రోజు అఖీఖా. తల్లిని పిలవాలా, ఏమని పిలవాలి, కొడుకుకు ఏ పేరు పెట్టాలి, కాగితాల్లో తన తండ్రి పేరు ఉంచాలా మార్చాలా అని ఆయన మమ్మల్ని అడిగాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలకు మేము వెతుక్కున్న సమాధానమే. ఇందులో మా పొరపాటు కూడా ఉంది గనుక దాచకుండా రాస్తున్నాము.

ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. ఇస్లామీయ పేరు అంటే అరబీ పేరు అని చాలామంది అనుకుంటారు. మదరసాలో నహ్వ్, అంటే అరబీ వ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికీ 'గైర్ మున్సరిఫ్' పాఠం గుర్తుంటుంది. కొన్ని నామవాచకాలు చివర తన్వీన్ తీసుకోవు. దానికి చెప్పే తొమ్మిది కారణాల్లో 'ఉజ్మా' ఒకటి. అంటే ఆ పదం అరబీది కాకపోవడం. దానికి ఉదాహరణగా ఉస్తాదు ఏ పేరు చెబుతారు? ఇబ్రాహీం! ఇస్మాయీల్, ఇస్‌హాఖ్, యాఖూబ్, యూసుఫ్ (అలైహిముస్సలాం) పేర్లు కూడా ఈ కోవలోనివే. నూహ్, లూత్ పేర్లు కూడా పరాయి భాషవే గానీ మూడక్షరాల పొట్టి పేర్లు, నడిమి అక్షరం హల్లు, అందుకని వాటికి తన్వీన్ వస్తుందని మినహాయింపు చెబుతారు. పన్నెండు పదమూడేళ్ళ వయసులో ఆ పాఠాన్ని మేము పరీక్ష కోసం కంఠస్థం చేశాము. దాని భావం మాత్రం చాలాకాలం తలకెక్కలేదు. అల్లాహ్ గ్రంథంలో ప్రవక్తల పేర్లలో అధిక భాగం అరబీవి కావు. అవి పరాయి పేర్లని వ్యాకరణం గుర్తు పెట్టి మరీ చెబుతున్నది. ఆ గుర్తును చెరిపేయాలని ఏ పండితుడూ అనలేదు.

ఇక అరబీ పేర్లన్నీ ఇస్లామీయమైనవా అంటే అదీ కాదు. అబూలహబ్ అసలు పేరు అబ్దుల్ ఉజ్జా. అంటే ఉజ్జా అనే విగ్రహానికి దాసుడు. అది స్వచ్ఛమైన అరబీ. మదీనాలో కపట విశ్వాసుల నాయకుడి పేరు అబ్దుల్లా బిన్ ఉబై. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్ రహ్మాన్ అని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అంతటి ప్రియమైన పేరును ఒక కపటి మోస్తూ తిరిగాడు. అతని కుమారుడి పేరు కూడా అబ్దుల్లాయే, ఆయన చిత్తశుద్ధిగల సహాబీ. ఒకే ఇంట్లో ఒకే పేరు, ఇద్దరి దారులు మాత్రం వేరు.

మన ప్రాంతం సంగతే చూడండి. మన ఇళ్ళల్లో పర్వీన్, షిరీన్, ఫిరోజ్, జంషీద్, రుస్తుం అన్నవి పారశీకం నుంచి వచ్చాయి. వీటిలో కొన్ని ఇరాన్‌లో ఇస్లాం అడుగుపెట్టక ముందటివి. బేగం, ఖాన్ తుర్కుల మాటలు. చాంద్ బీ అనే పేరులో చాంద్ సంస్కృతంలోని చంద్ర శబ్దం నుంచి వచ్చింది. 1595-96లో అహ్మద్‌నగర్ కోటను మొగలుల నుంచి కాపాడిన సుల్తానా పేరు కూడా అదే. ఆ పేరు ఇస్లామీయం కాదని ఏ మౌల్వీ సాబ్ కూడా అన్నట్టు మేము వినలేదు. మరోవైపు కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకు మొక్కుకున్న హిందూ ఇళ్ళలో జహంగీర్ అనే పేరు వినిపిస్తుంది. నల్గొండ వైపు జాన్‌పహాడ్ దర్గా వల్ల సైదులు అనే పేరు ఇంటింటా ఉంది. మా తాండూరు వైపు గుల్బర్గా దగ్గర గనుక ఖాజా అనే పేరు ఎక్కువ. మొక్కుల విషయంలో ధర్మం ఏమంటుందో పాఠకులకు తెలుసు, ఇక్కడ దాని జోలికి పోము. చెప్పదలచింది ఇంతే: పేరును బట్టి మనిషి మతాన్ని నిర్ణయించాలనుకునే వాడు వికారాబాద్ జిల్లా వీధుల్లో పది అడుగులు కూడా సరిగా వేయలేడు.

వికారాబాద్ అన్నామా, ఆ పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. పాయగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద ఆ ఊరు వెలసింది. ఆయన 1893 నుంచి 1901 వరకు హైదరాబాద్ సంస్థానానికి దివానుగా ఉన్నారు. ఫలక్‌నుమా మహలు కట్టించింది కూడా ఆయనే. వికార్ అంటే అరబీలో 'వఖార్' అనే ధాతువు నుంచి వచ్చిన మాట. గౌరవం, గాంభీర్యం అని అర్థం. తెలుగులో వికారం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దాయన 'ఇంత చల్లటి గాలి, అనంతగిరి అడవి, దీనికి ఎవరు పెట్టిండ్రయ్యా ఈ పేరు' అని అడిగితే మేము ఈ కథంతా చెప్పాము. ఆయన నవ్వి, 'మీకు గౌరవం, మాకు కడుపుల తిప్పుడు' అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. శబ్దం ఒకటే, చెవులు రెండు.

మరి పేరు పెట్టేవాడు ఏ చెవిని పట్టించుకోవాలి? ఈ ప్రశ్నకు హదీసుల్లో ఆధారం ఉంది. రబాహ్ (లాభం), యసార్ (కలిమి), నజీహ్, అఫ్లహ్ (సాఫల్యం) లాంటి పేర్లు సేవకులకు పెట్టవద్దని దైవప్రవక్త (స) చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. కారణం కూడా అందులోనే ఉంది. ఎవరైనా వచ్చి 'లాభం ఇంట్లో ఉన్నాడా' అని అడుగుతారు, లేకపోతే 'లేడు' అనవలసి వస్తుంది. అర్థం మంచిదే, కానీ వీధిలో, గుమ్మం దగ్గర, అడిగేవాని నోట చెప్పేవాని నోట ఆ పేరు ఎలా మోగుతుందో కూడా ఆయన (స) ఆలోచించారు. అదే గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఇలాంటి పేర్లను నిషేధించాలని ఆయన (స) అనుకొని, తర్వాత మౌనం వహించారు. ఆయన వాకిలి కాచిన సేవకుని పేరు రబాహ్ అనే హదీసుల్లో వస్తుంది. అందుచేత పండితులు దీన్ని హరాం అనలేదు. జాగ్రత్త అన్నారు.

ఈ జాగ్రత్తను మన తెలుగు నేల మీదికి తెచ్చి చూడండి. హానీ అనేది అరబీలో చక్కటి పేరు, సంతోషంగా ఉన్నవాడు అని అర్థం. ప్రవక్త (స) పినతండ్రి అబూతాలిబ్ కుమార్తెను ఉమ్మె హానీ (రజి) అనే పిలిచేవారు. తెలుగు పల్లెలో మాత్రం 'హాని ఇంట్లో ఉన్నాడా' అని అడిగితే ఏమవుతుంది? ఉన్నాడన్నా కష్టమే, లేడన్నా నవ్వే. ఈ పేరు పెట్టడం పాపం కాదు. కానీ మాకు చెవులున్నాయి, చుట్టుపక్కల వారికీ ఉన్నాయి.

అర్థం భాష దాటుతుందనడానికి ఇంతకంటే బలమైన ఆధారం ఇంకోటి ఉంది. 'మలికుల్ అమ్లాక్', అంటే రాజులకు రాజు అని పేరు పెట్టుకోవడం అల్లాహ్ వద్ద అత్యంత నీచమైనదని బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఆ హదీసు ఉల్లేఖకుల్లో ఒకరైన సుఫ్యాన్ దానికి వివరణగా, ఫార్సీలో షాహాన్ షాహ్ అన్నట్టు అని చెప్పారు. హదీసులో ఆ ఫార్సీ మాట లేదు. అయినా అర్థం అదే గనుక తీర్పూ అదే. మన దగ్గర షహెన్‌షా అని ముద్దుగా పెట్టుకునే తల్లిదండ్రులు కోపం తెచ్చుకోకుండా ఒకసారి ఆలోచించాలి. ఇదే సూత్రం మంచి వైపు కూడా పనిచేస్తుంది. చెడ్డ అర్థం భాష మారినా చెడ్డదే అయినప్పుడు, మంచి అర్థం తెలుగులో ఉన్నంత మాత్రాన చెడ్డదెలా అవుతుంది? దేవీదేవతల ఆరాధనతో, దాస్యంతో సంబంధం లేని తెలుగు పేరు గల సోదరుడు ఇస్లాంలోకి వస్తే, పేరు మార్చుకో అని బలవంతపెట్టడానికి మాకైతే ఆధారం కనిపించలేదు. ఉమర్, ఉస్మాన్, ఖదీజా, హంజా, తల్హా (రజి) అందరి పేర్లూ ఇస్లాంకు ముందు పెట్టినవే. తల్హా అంటే ఒక చెట్టు. ఖదీజా అంటే నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఎవరూ మార్చలేదు.

మార్చిన చోట ఎలా మార్చారన్నది అంతకంటే ముఖ్యం. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె పేరు ఆసియా అయితే దాన్ని ప్రవక్త (స) జమీలాగా మార్చారు. ఇది చదివి మన ఆసియాలు కంగారు పడనక్కరలేదు. ఆ ఆసియా ఐన్, సాద్ అక్షరాలతో రాసేది, అవిధేయురాలు అని అర్థం. ఫిర్ఔన్ భార్య, పుణ్యస్త్రీ ఆసియా (అలైహస్సలాం) పేరు అలిఫ్, సీన్‌తో రాస్తారు. అందులో ఓదార్పు అనే భావం ఉంది. తెలుగు లిపిలో రెండూ ఒకటే అవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మన దక్కనీ నాలుక చేసే చిక్కు ఇంకోటి. ఖాఫ్ అక్షరాన్ని మనం ఖే లాగా పలుకుతాము. ఖారీ సాబ్‌లు ఏళ్ళ తరబడి సరిదిద్దినా ఇంటికి పోగానే మళ్ళీ అంతే! చంద్రుడు అని పెట్టిన పేరు మన నోట మద్యం అనే అరబీ మాటకు చాలా దగ్గరగా వినిపిస్తుంది. అయితే తెలుగు లిపికి ఒక మేలు కూడా ఉంది. అర్హమ్ అంటే మిక్కిలి కరుణగలవాడు, అర్హామ్ అంటే గర్భాశయాలు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ తేడా పోతుంది, తెలుగులో ఒక్క దీర్ఘంతో తెలిసిపోతుంది. బడి రిజిస్టరులో పేరు రాయించేటప్పుడు ఆ దీర్ఘం మీద దృష్టి పెట్టండి.

హజ్రత్ సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) తాతగారి సంఘటన బుఖారీలో ఉంది. ఆయన పేరు హజ్న్, అంటే గరుకు నేల. నీవు సహల్, అంటే మెత్తని నేల, అని ప్రవక్త (స) కొత్త పేరు సూచించారు. మా నాన్న పెట్టిన పేరు మార్చుకోను అన్నారాయన. ప్రవక్త (స) బలవంతం చేయలేదు. ఆ గరుకుతనం మా వంశంలో మిగిలిపోయింది అని మనవడు తర్వాత చెప్పుకున్నారు. సూచనను కాదన్నందుకు నష్టం ఆ ఇంటిదే అయింది. కానీ కాదనే అవకాశం మాత్రం ఆయనకు ఉండింది. మేము మా సోదరునికి ముక్తదిర్ పేరు చెప్పినప్పుడు కాదనే అవకాశం ఇచ్చామా? ఇది పలకగలవా, మీ అవ్వ పలకగలదా అని అడిగామా? లేదు.

ఇప్పుడు పాత పేరుతో పిలిస్తే పలకాలా అన్న ప్రశ్న. హజ్రత్ అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పాత పేరు అబ్దు అమ్ర్. మక్కాలోని తన ఆస్తిని చూసుకోవడానికి ఉమయ్యా బిన్ ఖలఫ్‌తో ఒప్పందం రాసుకుంటూ, కొత్త పేరు రాశారు. రహ్మాన్ ఎవరో నాకు తెలియదు, పాత పేరు రాయి అన్నాడు ఉమయ్యా. బుఖారీ ఉల్లేఖనంలో ఆయన పాత పేరే రాసిచ్చారు. సీరత్ గ్రంథాల్లో మాత్రం వేరే వివరం ఉంది. ఉమయ్యా పాత పేరుతో పిలిస్తే ఆయన పలికేవారు కాదని, చివరికి అబ్దుల్ ఇలాహ్ అనే మధ్యేమార్గానికి ఇద్దరూ ఒప్పుకున్నారని రాశారు. రెండు ఉల్లేఖనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి స్పష్టమైంది. ఎదుటివాడు ఉమయ్యా. హజ్రత్ బిలాల్ (రజి)ను కాల్చే ఇసుకపై పడుకోబెట్టినవాడు. రహ్మాన్ అనే నామాన్ని మొండిగా తిరస్కరించినవాడు. అటువంటివాడితో కూడా కాగితం పని ఆగలేదు, మాట్లాడే దారి మూతపడలేదు. మా సోదరుని తల్లి ఎవరిని తిరస్కరించింది? ఆమె నాలుక తిరగలేదు, అంతే. తొమ్మిది నెలలు మోసి, తనకు తెలిసిన పేరుతో పిలుస్తున్నది. తల్లిదండ్రులు షిర్క్ వైపు బలవంతపెట్టినా ఆ మాట మాత్రం వినకుండా, లోకవ్యవహారంలో వారితో మంచిగా మెలగమని సూరా లుఖ్మాన్ ఆదేశిస్తున్నది. బహుదైవారాధకురాలైన తన తల్లితో బంధుత్వం నిలుపుకోవచ్చా అని హజ్రత్ అస్మా (రజి) అడిగితే, నిలుపుకోమనే ప్రవక్త (స) చెప్పారు. పిలిస్తే పలకకపోవడం ఈ రెండింటిలో దేనికి సరిపోతుంది?

ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. దేవత పేరుతో పిలిస్తే పలకడం ఆ దేవతను అంగీకరించినట్టు కాదా అని ఒక సహోదర ఆలిమ్ మాతో వాదించారు. పెట్టుకోవడం వేరు, మరొకరు పిలిస్తే పలకడం వేరు అన్నది మా అభిప్రాయం. హునైన్ యుద్ధంలో దైవప్రవక్త (స) తాను అబ్దుల్ ముత్తలిబ్ సంతానమని బిగ్గరగా ప్రకటించారు. అల్లాహ్‌కు తప్ప మరొకరికి దాసుడు అనే అర్థం వచ్చే పేరు పెట్టకూడదన్నది పండితుల ఏకాభిప్రాయం, ఆ జాబితాలో ఇబ్నె హజ్మ్ (రహ్మ) మినహాయించింది అబ్దుల్ ముత్తలిబ్ ఒక్కదాన్నే. అయినా తాతగారిని ఆయన పేరుతో చెప్పడం కొత్తగా ఎవరికైనా ఆ పేరు పెట్టడం కాదు కదా. ఉన్న మనిషిని గుర్తించడం మాత్రమే. ఆ ఆలిమ్ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన జాగ్రత్తను మేము గౌరవిస్తాము.

తండ్రి పేరు విషయంలో మాత్రం సందేహానికి తావే లేదు. మనుషులను వారి తండ్రుల పేర్లతోనే పిలవాలని సూరా అహ్‌జాబ్ స్పష్టంగా చెబుతున్నది. జైద్ (రజి)ను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలుస్తుండగా, ఆ ఆదేశంతో ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. హజ్రత్ ఇక్రిమా (రజి) ఇస్లాం స్వీకరించిన తర్వాత కూడా అబూజహల్ కుమారుడిగానే చరిత్రలో నిలిచారు. నవముస్లిం సోదరుని నికాహ్ కాగితంలో గానీ, బిడ్డ బడి దరఖాస్తులో గానీ తండ్రి, తాత స్థానంలో ఊరికే 'అబ్దుల్లా' అని రాసే అలవాటు కొన్ని చోట్ల చూస్తున్నాము. అది గౌరవం కాదు, అబద్ధం. తండ్రి ఎవరైనా తండ్రే.

అఖీఖాకు రెండు రోజుల ముందు మేము ఆయనతో కలిసి కొడంగల్ రోడ్డులో ఉన్న వాళ్ళ పల్లెకు వెళ్ళాము. కంది చేను గట్టు మీద ఆమె కూర్చుని ఉంది. లేవలేదు. "నేను పెట్టిన పేరు పాపమైందంట కద సాయబూ, మరి పెట్టిన నేనేమైతిని?" అంది. మా దగ్గర చదివిన చదువంతా ఉంది, ఆ మాటకు జవాబు మాత్రం వెంటనే దొరకలేదు. తప్పు మాదే అమ్మా, నోరు తిరగని పేరు పెట్టింది మేమే అని చెప్పాము. తర్వాత ఒక మాట గుర్తు చేసుకొని చెప్పాము. మర్యం (అలైహస్సలాం)కు పేరు పెట్టింది ఆమె తల్లే, ఆ సంగతి ఖుర్ఆన్‌లో ఉంది, కాబట్టి మనవడికి మీరే పేరు ఎంచండి అని. ఆదం, నూహ్, యూసుఫ్ అని మూడు పేర్లు, వాటి కథలు చెప్పాము. యూసుఫ్ కథ దగ్గర, తండ్రికి దూరమై చివరికి తిరిగి కలిసిన ఆ చోట ఆమె రెండోసారి చెప్పమని అడిగింది.

"ఈసుబు," అంది. "గిది అంటది నోటికి."

యూసుఫ్ అనలేదు. మేము సరిదిద్దలేదు. బయలుదేరేటప్పుడు ఆమె కొడుకును పాత పేరుతో పిలిచి, చేతిలో కందికాయల మూట పెట్టింది. ఆయన మా వైపు చూడకుండా "ఆఁ అవ్వా" అన్నాడు.

తన సొంత పేరు సంగతి ఆ సోదరుడు ఇంకా తేల్చుకోలేదు. అబ్దుల్లా అని మార్చుకుంటే అవ్వ నోటికి కూడా అందుతుంది, కానీ కూలి ఖాతాలో, మసీదు రిజిస్టరులో ముక్తదిర్ అనే పడింది, ఆధార్‌లో ఇంకా పాత పేరే ఉంది. ఆలోచించుకుని చెబుతాను హజ్రత్ అన్నాడు. ఈసారి మేము తొందరపెట్టలేదు.